వంట, బోధన, చిత్రీకరణ మూడింటికీ ఒకే వంటగది స్టూడియో: ముందుగా ఏవి ఖాయం చేసుకోవాలి?

గరిటెపట్టు:

సభ్యులందరికీ నమస్కారం. వంటే వృత్తిగా ఉన్న మేమిద్దరం కలిసి ఒక ఖాళీ హాలును వంటగది స్టూడియోగా మార్చాలనుకుంటున్నాం. హాలు పొడవు 10 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, నేల నుంచి స్లాబు అడుగు వరకు ఎత్తు 3.1 మీటర్లు. ఆర్డర్ల మీద వండి పంపడం, ఒక్కో తరగతిలో పన్నెండు మందికి చేత్తో చేయించి నేర్పడం, వంటల వీడియోలు తీయడం అనే మూడు పనులూ అందులోనే జరగాలి.

ఒక ఇంటీరియర్ డిజైనర్ మాకు గీసి ఇచ్చిన ప్లానులో మధ్యన నాలుగు బర్నర్ల గ్యాస్ పొయ్యితో పెద్ద గట్టు, దానికి నేరుగా పైన కెమెరా, విద్యార్థులకు ఆరు స్థిరమైన గట్లు, గదంతా ఫాల్స్ సీలింగ్, గోడలకు నిగనిగలాడే తెల్ల టైల్స్ ఉన్నాయి. చూడటానికి ముచ్చటగానే ఉంది. అయితే పొయ్యి మీద పొగను లాగే హుడ్ పెడితే కెమెరా ఎక్కడ పెట్టాలో, ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే మాట ఎలా రికార్డవుతుందో అడిగితే సరైన సమాధానం రాలేదు. ఒకసారి కట్టాక మార్చడానికి వీల్లేనివి ఏవి, తర్వాత నింపాదిగా చూసుకోదగినవి ఏవి అన్నది అనుభవం ఉన్నవారు చెబితే ఆ క్రమంలోనే పని మొదలుపెడతాం.

కొలతబద్ద:

హోటళ్ళకూ శిక్షణ సంస్థలకూ వంటగదులు గీయడం నా పని. అల్మారాలు, రంగులు, గట్టు మీది రాయి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పొగ బయటికి వెళ్ళే దారి, మురుగునీరు పారే వాలు, గది ఎత్తు, కరెంటు సామర్థ్యం మాత్రం ఒకసారి కుదిరాక మారవు. కాబట్టి ప్లాను అక్కడ మొదలై గట్ల దగ్గర ముగియాలి. మీకు గీసి ఇచ్చినది గట్ల దగ్గర మొదలైనట్టుంది.

ముందు పన్నెండు మంది సంగతి చూద్దాం. పాఠం చెప్పే గట్టుకు 90 సెంటీమీటర్లు, దాని వెనక నడవడానికి 120, వెనక గోడకు ఆనిన గట్టుకు 65 చొప్పున లెక్కిస్తే పొడవులో 2.75 మీటర్లు అక్కడే పోతాయి. సరుకులకు, ఫ్రిజ్‌లకు, గిన్నెలు కడిగే చోటుకు రెండో చివర అడ్డుగోడ కట్టి కనీసం 2 మీటర్లు వదలక తప్పదు. మిగిలిన 5.25 మీటర్లలోనే విద్యార్థులూ కెమెరాలూ సర్దుకోవాలి. ఒక్కొక్కరికి గట్టు మీద 90 సెంటీమీటర్ల జాగా, వెనకాల మరొకరు వేడి గిన్నె పట్టుకుని వెళ్ళినా తగలనంతగా 120 సెంటీమీటర్ల దారి ఇవ్వాలంటే, స్థిరమైన ఆరు గట్లు కట్టాక కెమెరా స్టాండు నిలబెట్టే చోటే మిగలదు. ఎనిమిది మందికి తగ్గించమని నా సలహా. తరగతికి నలుగురు తగ్గితే వచ్చే ఆదాయ నష్టం కంటే, ఇరుకులో కత్తులతో పన్నెండు మందిని తిప్పడంలో ఉన్న ప్రమాదం పెద్దది.

అమరిక విషయానికొస్తే, నిప్పును, నీటిని గోడలకు అప్పగించి మధ్య భాగాన్ని చక్రాలకు వదిలేయండి. విద్యార్థుల పొయ్యిలన్నీ రెండు పక్క గోడల వెంబడి పెట్టించి, వాటి మీద గోడకు బిగించే హుడ్‌లు వేయించండి. మధ్యలో కోయడానికి, కలపడానికి, పిండి పిసకడానికి పనికొచ్చే స్టీలు బల్లలను బ్రేకులున్న చక్రాల మీద పెట్టుకోండి. తరగతి నాడు వాటిని రెండు వరసలుగా నిలుపుతారు, పెద్ద ఆర్డరు ఉన్న నాడు కలిపి ఒకే పొడవాటి బల్ల చేసుకుంటారు, చిత్రీకరణ నాడు వెనక్కి నెట్టేస్తారు. కదలని గట్టు ఒక్కటే ఉండాలి, అది మీరు పాఠం చెప్పేది.

హుడ్‌ను గోడ దగ్గర పెట్టమనడానికి కారణం ఉంది. గోడకు ఆనిన హుడ్‌కు ఒక వైపు గోడే కాపు కాస్తుంది. గది మధ్యలో వేలాడే హుడ్ కింద నాలుగు వైపుల నుంచీ గాలి చొరబడి పొగను పక్కకు చెదరగొడుతుంది కాబట్టి అదే పొయ్యికి మరింత గాలిని లాగవలసి వస్తుంది. ఎక్కువ గాలి అంటే ఎక్కువ చప్పుడు. ఆ చప్పుడు తగ్గించడానికి ఫ్యాన్‌ను హుడ్ లోపల కాకుండా డక్టుకు (పొగ బయటికి వెళ్ళే గొట్టానికి) రెండో చివర, వీలైతే మేడ మీద పెట్టించండి. చిన్న ఫ్యాన్‌ను వేగంగా తిప్పే బదులు పెద్ద ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పించండి. ఒక ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే దాని శబ్దం సుమారు 15 డెసిబెళ్ళు పడిపోతుంది, అంటే చెవికి స్పష్టంగా తెలిసేంత తేడా. డక్టు వెడల్పుగా, మలుపులు తక్కువగా ఉండాలి.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. బయటికి లాగిన గాలికి బదులు గాలి లోపలికి రావాలి. ఆ దారి విడిగా ఏర్పాటు చేయకపోతే తలుపులు బిగుసుకుపోతాయి, సందుల్లోంచి గాలి ఈలలు వేస్తుంది, గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాని పొగ తిరిగి గదిలోకే వస్తుంది. లాగే గాలిలో 80 నుంచి 90 శాతం వడగట్టిన బయటి గాలిగా లోపలికి పంపితే, మిగతా కొంచెం లోటు వల్ల వంట వాసన పక్క గదుల్లోకి పాకకుండా ఉంటుంది.

కరెంటు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. పాఠం చెప్పే గట్టు మీది నాలుగు ఇండక్షన్ పొయ్యిలకు 7 కిలోవాట్లు, విద్యార్థులకు రెండేసి పొయ్యిల సెట్లు నాలుగు పెడితే 14, ఓవెన్లు, డిష్‌వాషర్, ఫ్రిజ్‌లు, ఏసీ కలుపుకుంటే 35 కిలోవాట్లు దాటడం కష్టమేమీ కాదు. మూడు ఫేజుల సరఫరా లేకుండా ఇది నడవదు. కెమెరాలు, మైకుల సర్క్యూట్‌ను కంప్రెసర్లున్న సర్క్యూట్ల నుంచి విడదీయించండి.

వెలుగునీడ:

నేను వంట కార్యక్రమాలకు కెమెరా పని చేస్తాను. కొలతబద్ద గారు గదిని నేల మీద నుంచి చూశారు, నేను పైకప్పు నుంచి మొదలుపెడతాను.

ఫాల్స్ సీలింగ్ వద్దు. ఎందుకో లెక్కతోనే చెబుతాను. గట్టు ఎత్తు 90 సెంటీమీటర్లు. కోసే పలక, పక్కన రెండు గిన్నెలు, రెండు చేతులు కనిపించాలంటే చట్రంలో దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పు పట్టాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ ఉన్నదానికి) 50 మిల్లీమీటర్ల లెన్స్ వేస్తే అది గట్టు నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తున, అంటే నేల నుంచి 215 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. కెమెరా, బిగింపు కలిపి మరో 25. వాటికి పైన దీపాలు వేలాడదీసే పైపులకు, దీపాలకు కూడా చోటు కావాలి. స్లాబు 3.1 మీటర్ల దగ్గర ఉంటే ఇవన్నీ సరిపోతాయి. ఫాల్స్ సీలింగ్ పేరుతో 40 సెంటీమీటర్లు పోగొట్టుకుంటే కెమెరాకు పైన పైపులకూ దీపాలకూ 30 సెంటీమీటర్లే మిగులుతాయి. 35 మిల్లీమీటర్ల లెన్స్‌తో సర్దుకోవచ్చు కదా అంటారు. అప్పుడు లెన్స్ నేల నుంచి 178 సెంటీమీటర్ల దగ్గరికి దిగుతుంది, వండేవారు కాస్త వంగితే చాలు, తల చిత్రంలోకి వచ్చేస్తుంది. స్లాబును తెరిచే ఉంచి, మెరుపులేని ముదురు బూడిద రంగు వేయించి, దానికి 48 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పైపులతో చట్రం బిగించండి. దీపాలకూ కెమెరాలకూ దొరికే సాధారణ క్లాంపులు ఆ పైపుకు సరిగ్గా పడతాయి. పైన వేలాడే ప్రతి వస్తువుకూ క్లాంపుతో పాటు విడిగా ఒక ఉక్కు తీగ ఉండి తీరాలి, ఎందుకంటే దాని కింద మనుషులుంటారు, మరిగే నూనె ఉంటుంది.

ఇక పొయ్యికి నేరుగా పైన కెమెరా అన్నది బొమ్మలో బాగుంటుంది గాని పనిలో బాగుండదు. నూనె ఆవిరి లెన్స్ మీద పొరగా పేరుకుంటుంది, వేడికి కెమెరా ఆగిపోతుంది, పైగా అక్కడ హుడ్ ఉండాలి. పాఠం చెప్పే గట్టును రెండు భాగాలుగా అనుకోండి. ఒక చివర పొయ్యి, దాని పైన హుడ్. రెండో చివర కోసే చోటు, దాని పైన నిలువుగా కిందికి చూసే కెమెరా. పొయ్యి మీది గిన్నెను హుడ్ అంచుకు బయట, ముందు వైపు పైనుంచి వాలుగా చూసే మరో కెమెరాతో తీయండి. వెడల్పాటి బాణలిలో ఏం జరుగుతోందో వాలుగా చూసినా హాయిగా తెలుస్తుంది. లోతైన గిన్నె అడుగు మాత్రం కనబడదు, అలాంటి వంటకు వెడల్పు గిన్నె ఎంచుకోవడం తప్ప మార్గం లేదు.

వెలుతురు రెండు రకాలుగా, రెండు వేర్వేరు స్విచ్చులతో ఉండాలి. పని చేసుకోవడానికి గట్ల మీద 500 లక్స్ (వెలుతురు కొలత) పడే మామూలు దీపాలు, పగిలినా గాజు ముక్క తిండిలో పడని కవర్లతో. చిత్రీకరణకు రంగులను నిజంగా చూపగల, సీఆర్‌ఐ (రంగుల కచ్చితత్వాన్ని 100కి కొలిచే సూచిక) 95కు తగ్గని దీపాలు. ఆ ప్రధాన దీపం కెమెరా వైపు నుంచి కాకుండా వంటకానికి వెనక నుంచో పక్క నుంచో పడితేనే ఆవిరి కనబడుతుంది, ఆహారం మీద తడి మెరుస్తుంది. ముందు నుంచి వేస్తే ఎంత మంచి వంటకమైనా చప్పగా అనిపిస్తుంది. కిటికీ వెలుగు గంటగంటకూ మారుతుంది కాబట్టి వెలుగు చొరబడని తెరలు పెట్టించి, ఉంచుకోవాలో మూసుకోవాలో మీ చేతిలో ఉండేలా చూసుకోండి. చవకరకం ఎల్‌ఈడీ దీపాలు, ముఖ్యంగా మసకగా తగ్గించినప్పుడు, కంటికి తెలియకుండా రెపరెపలాడి వీడియోలో చారలుగా పడతాయి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట షట్టర్‌ను 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంచితే మెయిన్స్ వల్ల వచ్చే రెపరెప పోతుంది గాని, డిమ్మర్ వల్ల వచ్చేది పోదు. కొనే ముందు మీ కెమెరాతోనే పరీక్షించండి.

నిగనిగలాడే టైల్స్ వద్దు. ప్రతి టైలులోనూ ఒక దీపం ప్రతిబింబిస్తుంది. గట్టు పైభాగం కూడా మెరుపులేనిదే ఎంచుకోండి, ముదురు రంగు గోడలైతే వాటి రంగు తెల్లటి వంటకాల మీద పడుతుందని గుర్తుంచుకోండి. చిన్న మాట మరొకటి: కెమెరాకు కనిపించే గోడ మీద గడియారం పెట్టకండి. ముక్కలు అతికించాక ముల్లు ముందుకీ వెనక్కీ గెంతుతుంది.

గరిటెపట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పన్నెండు మంది అన్న మొండిపట్టు వదిలేశాం, ఫాల్స్ సీలింగూ తీసేశాం. రెండు సందేహాలు మిగిలాయి. గట్టులోనే అమర్చి, పొగను కిందికి లాగే డౌన్‌డ్రాఫ్ట్ పెడితే పాఠం చెప్పే గట్టు మీద హుడ్ అవసరమే ఉండదని ఒక విక్రేత అంటున్నారు, అది నమ్మవచ్చా? రెండోది, మాట రికార్డు చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఆపేసుకుంటే సరిపోదా?

కొలతబద్ద:

వేడి గాలి స్వభావం పైకి లేవడం. డౌన్‌డ్రాఫ్ట్ దాన్ని పట్టి కిందికి వంచాలి. తక్కువ అంచున్న పెనం మీద చేసే పనికి అది ఫరవాలేదు. అరడుగు ఎత్తు గిన్నె అంచు నుంచి లేచే ఆవిరి దాని అందుబాటులోకి రాదు, గ్యాస్ మంటనైతే పక్కకు లాగేస్తుంది. ఆర్డర్లకు వేపుళ్ళు చేస్తారు కాబట్టి ఆ పని గోడ హుడ్‌ల కిందే చేయండి. పాఠం చెప్పే గట్టు మీద ఇండక్షన్ పెట్టి, తేలికపాటి వంటకే పరిమితం చేస్తానంటే డౌన్‌డ్రాఫ్ట్ సరిపోవచ్చు గాని, వ్యక్తిగతంగా నేను అక్కడ కూడా హుడ్‌నే ఎంచుకుంటాను.

ఎగ్జాస్ట్ ఆపడం గురించి: వ్యాపార వంటగదుల్లో చాలాచోట్ల గ్యాస్ వాల్వును ఫ్యాన్‌తో ముడిపెడతారు. ఫ్యాన్ ఆగితే గ్యాసూ ఆగిపోతుంది. అది మీ ప్రాణరక్షణకు పెట్టినది, రికార్డింగ్ కోసం దాన్ని తప్పించమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. వేగాన్ని తగ్గించుకునే కంట్రోలరు పెట్టించుకుంటే, మాట రికార్డు చేసేటప్పుడు నెమ్మదిగా తిప్పి, వేపుడు సమయంలో పూర్తి వేగం ఇచ్చుకోవచ్చు. పాఠం చెప్పే గట్టుకు ఇండక్షన్ మేలనడానికి ఇదీ ఒక కారణమే. అయితే ఇండక్షన్ నిశ్శబ్దమని అనుకోవద్దు, దాని లోపలా చిన్న ఫ్యాన్ ఉంటుంది, పలచటి గిన్నెలు దాని మీద గుయ్యిమంటాయి. దళసరి అడుగున్న ఇనుప గిన్నెలు ఆ గోల తగ్గిస్తాయి.

అగ్నిప్రమాదానికి సంబంధించి నూనె మంటల కోసమే తయారైన మంటలార్పే వెట్ కెమికల్ సిలిండరు చేతికి అందే చోట ఉండాలి. పొయ్యిలున్న చోట పొగను కాకుండా వేడిని పసిగట్టే డిటెక్టర్లు పెట్టించండి, లేకపోతే ప్రతి తరగతిలోనూ అలారం మోగుతుంది.

నల్లబల్ల:

వంట నేర్పేవాడిగా నాకు తోచినవి చెబుతాను. పై ఇద్దరి మాటల్లోనూ ఒక వ్యక్తి కనబడలేదు: వెనక వరసలో నిలబడి మీ చేతులు చూడలేక మెడ చాచే విద్యార్థి.

పైనున్న కెమెరా చిత్రాన్ని పెద్ద తెర మీద చూపిస్తారు కదా, దాన్ని ఏ వైపు నుంచి చూపాలో ముందే నిర్ణయించుకోండి. విద్యార్థి మీకు ఎదురుగా నిలబడి మిమ్మల్ని చూస్తాడు గాని, చేతి పనిని మాత్రం తన చేతులు తాను చూసుకున్నట్టు చూస్తేనే అనుకరించగలడు. కాబట్టి తెర మీద చిత్రం వండేవారి వైపు నుంచి ఉండాలి, కెమెరా బిగించేటప్పుడే అటు తిప్పి బిగించాలి. అలాగే కెమెరా నుంచి తెరకు చిత్రం చేరడంలో ఆలస్యం లేకుండా చూడండి. కత్తి చప్పుడు ముందు వినబడి, కోత తర్వాత కనబడితే తరగతి మొత్తం తికమక పడుతుంది. వైర్‌లెస్ పరికరాల కంటే తీగే నయం.

గది మోత చిత్రీకరణ సమస్యే కాదు, బోధన సమస్య కూడా. స్టీలు, టైలు, సిమెంటు తప్ప మెత్తనిదేదీ లేని గదిలో ఎనిమిది మంది ఒకేసారి గిన్నెలు కదిపితే ఎవరి మాట ఎవరికీ వినబడదు. స్లాబు తెరిచే ఉంచుతున్నారు కాబట్టి పైపుల మధ్య, కడగడానికి వీలైన పొరతో కప్పిన శబ్దశోషక పలకలు వేలాడదీయండి. నీటి ధార పడే స్టీలు సింకు అడుగున రబ్బరు షీటు అతికిస్తే ఆ డబడబ చాలావరకు తగ్గుతుంది. ఫ్రిజ్‌లు అడ్డుగోడ వెనక ఉంటే చాలు. గదిలోనే ఒకటి ఉండక తప్పదంటే, రికార్డింగుకు దాన్ని ఆపి మళ్ళీ వేయడం మరిచిపోకుండా బండి తాళాలు దానిలోనే పెట్టే పాత అలవాటు సౌండ్ రికార్డిస్టులకు ఉంది, పాటించండి.

అన్నిటికంటే ముఖ్యం అడ్డుగోడ వెనక గది. వీడియోలోనైనా తరగతిలోనైనా ఒకే వంటకం మూడు నాలుగు దశల్లో ముందే సిద్ధమై ఉండాలి: తరిగినది, నానినది, సగం ఉడికినది, పూర్తయినది. వాటిని పెట్టే అరలు, బల్ల లేకపోతే అవి మీ కెమెరా కాళ్ళ దగ్గరే పేరుకుంటాయి. పాడయ్యే పదార్థాలను 5 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లగా, వడ్డించబోయే వేడి వంటకాలను 60 డిగ్రీలకు పైన ఉంచాలి, వండినదాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి వదలకూడదు. చిత్రీకరణలో ఆ రెండు గంటలు తెలియకుండానే దాటిపోతాయి. కాబట్టి కెమెరా ముందు ఎక్కువసేపు నిలిచిన పళ్ళెం ఎవరికీ పెట్టకుండా పారేయడం నియమంగా పెట్టుకోండి. మీకు చెప్పిన 2 మీటర్లు నా ఉద్దేశంలో చాలవు, 2.5 ఇవ్వండి. చేతులు కడుక్కునే సింకు ఆహారం కడిగే సింకుకు వేరుగా, విద్యార్థులు లోపలికి రాగానే తగిలే చోట ఉండాలి.

ఇంకొకటి: తరగతి జరుగుతుండగా దాన్నే వీడియో తీయాలన్న ఆలోచన ఉంటే పూర్తిగా మానుకోమనను గాని, తరచుగా వద్దు. కెమెరా కోసం మీరు ఒక పని రెండోసారి చేస్తుంటే డబ్బు కట్టి వచ్చినవారు చేతులు కట్టుకుని చూస్తుంటారు. తీసే రోజున వారి ముఖాలు పడతాయని ముందే చెప్పి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోండి.

కొలతబద్ద:

2.5 మీటర్లకు నాకు అభ్యంతరం లేదు, ఎనిమిది మందికి ఒప్పుకున్నారు కాబట్టి వీలవుతుంది. నేల గురించి చెప్పడం మిగిలిపోయింది. తడిసినా జారని నేల కావాలని గరుకు టైల్స్ వేస్తే వాటి అతుకుల మీద కెమెరా బండి గడగడలాడుతుంది. అతుకులు లేకుండా పోసే పాలీయురెథేన్ నేల రెంటికీ కుదురుతుంది. దాన్ని గోడ మొదట్లో గుండ్రంగా కొంచెం పైకి ఎక్కిస్తే మూలల్లో మురికి నిలవదు. నీరు పారే వాలును కడిగే గది వైపు, పక్క గోడల పొయ్యిల ముందు మాత్రమే ఇచ్చి, కెమెరా తిరిగే మధ్య భాగాన్ని సమంగా ఉంచండి.

వెలుగునీడ:

నేల పోసే ముందే తీగల దారులు వేయించాలి. పాఠం చెప్పే గట్టు నుంచి, పైకప్పు చట్రం నుంచి, తెర వెనక నుంచి అడ్డుగోడ వెనక గదిలో ఒక మూలకు ఖాళీ పైపులు తీసుకెళ్ళండి, రికార్డింగ్ పరికరాలు అక్కడ కూర్చుంటాయి. మామూలు హెచ్‌డీఎమ్‌ఐ తీగ 15 మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది. పైపు వంకరలతో కలిపి ఆ దూరం మీకు ఇట్టే వచ్చేస్తుంది కాబట్టి ఎస్‌డీఐ తీగలకు (స్టూడియోల్లో వీడియోను దూరం పంపడానికి వాడేవాటికి) సిద్ధపడండి. మైకు తీగల పైపును కరెంటు పైపు పక్కనే సమాంతరంగా నడపవద్దు, దాటవలసిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. ప్రతి పైపులోనూ ఒక లాగుడు తాడు వదిలి, రెండు చివరలకూ మూతలు బిగించమనండి. మేస్త్రీలు నేల పోసే రోజున మూత లేని పైపులో సిమెంటు పాలు దిగి గడ్డకడితే మళ్ళీ నేల పగలగొట్టడం తప్ప గత్యంతరం ఉండదు.